అవే మందులు... ఎన్నిసార్లు, ఎప్పటిదాకా?

(విశాఖపట్నంలో క్లినిక్ డాక్టర్లు, క్లినిక్ సిబ్బంది, మెడికల్ షాపుల వాళ్లు కలిసిన ఒక సాయంత్రం సమావేశంలో ఓ జనరల్ ప్రాక్టీషనర్ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా కొద్దిగా సరిచేసిన పాఠం.)

అందరికీ నమస్కారం. సాయంత్రం ఓపీ మానుకుని ఇంతమంది వచ్చారంటే టీ, సమోసా కోసం కాదనే అనుకుంటున్నాను. మెడికల్ షాపుల వాళ్లు ముందు వరసలో కూర్చోవడం మరీ సంతోషం. నేను మాట్లాడబోయే పనిలో సగం జరిగేది మీ కౌంటర్ దగ్గరే.

మన క్లినిక్‌లలో రోజుకి ఎక్కువసార్లు వినపడే మాట ఏది? జ్వరం కాదు, నొప్పి కాదు. "అవే మందులు రాసేయండి." పెందుర్తి అవతల నుంచి వచ్చిన పెద్దాయన "బాబూ, అయ్యే రాసియ్యండి, బస్సెల్లిపోతాది" అంటాడు. ఎంవీపీ కాలనీ మేడమ్ "సేమ్ కంటిన్యూ చేసేయండి డాక్టర్" అంటారు. మనమూ తక్కువ తినలేదు. కాగితం మీద సీఎస్‌టీ (కంటిన్యూ సేమ్ ట్రీట్‌మెంట్) అని మూడక్షరాలు పడేసి బెల్లు కొడతాం. హౌస్ సర్జన్సీలో వార్డుల్లో అబ్బిన అలవాటది. వార్డులో దాంతో ఇబ్బంది లేదు, తెల్లారితే మళ్లీ రౌండ్స్ ఉంటాయి. క్లినిక్‌లో మళ్లీ రౌండ్స్ ఎప్పుడు? ఆ మనిషికి ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు.

అందుకని నేను అడిగేది ఒక్కటే. పాత మందులు మళ్లీ రాసేటప్పుడు, అవి ఎన్నిసార్లు తీసుకోవచ్చో, ఏ తేదీ దాకా తీసుకోవచ్చో, ఆ తేదీకి ఏ టెస్ట్ చేయించుకుని రావాలో చీటీ మీదే రాయండి. అంతే. ఇది నా సొంత తెలివి కూడా కాదు. డ్రగ్స్ రూల్స్, 1945లో 65వ రూలు తీసి చూడండి. షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ మందులు, అంటే చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాల్లోవి, రాసిన చీటీకి ఒక్కసారే మందు ఇవ్వాలి. మళ్లీ ఇవ్వచ్చని డాక్టరు దాని మీద రాస్తేనే రెండోసారి. ఇన్నిసార్లు అనో, ఇన్ని రోజులకొకసారి అనో రాస్తే, కచ్చితంగా ఆ ప్రకారమే. పైగా ఇచ్చిన ప్రతిసారీ షాపు పేరు, చిరునామా, తేదీ చీటీ మీద డాక్టరు సంతకానికి పైన వేయాలి.

ముందు వరసలో నవ్వులు వినపడుతున్నాయి. నాకు తెలుసు. ఆ స్టాంపు వేయడానికి చీటీ మీద చోటేదీ అనే కదా. మనవాళ్లు మందుల చీటీని రేషన్ కార్డులాగా లామినేషన్ చేయించుకుంటారు. నా దగ్గరికి మొన్న ఒకటి వచ్చింది. పైన డాక్టరు గారి పేరు, కింద సంతకం, మధ్యలో ఐదు మందులు, తేదీ ఉన్న చోట మడత పడి చెరిగిపోయింది. చుట్టూ ప్లాస్టిక్ అంచు. దాని మీద పెన్ను రాయదు, స్టాంపు ముద్ర నిలవదు. ఆ చీటీ రాసినప్పుడు ఆయన బరువెంతో, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతో ఎవరికీ తెలియదు. కానీ ఆ చీటీ మీద ఆయనకి నెలనెలా మందులు అందుతూనే ఉన్నాయి. ఆ షాపు అబ్బాయిని నేను తప్పు పట్టను. చీటీ మీద ఆపమన్న మాట ఎక్కడా లేదు, ముసలాయన ఎండలో నిలబడి ఉన్నాడు, ఇవ్వకపోతే పక్క షాపులో ఇస్తారు. మనం అంకె రాయకుండా వదిలేసిన చోటే ఈ కథంతా నడుస్తోంది.

నేను రాసే పద్ధతి చెబుతాను, నచ్చితే వాడండి. మందుల కింద ఒక గీత గీసి, "30 రోజులకు. ఇవే మరో 2 సార్లు ఇవ్వవచ్చు. నవంబరు 15 తర్వాత వద్దు. వచ్చే ముందు క్రియాటినిన్, పొటాషియం" అని రాస్తాను. చివరి వాక్యాలు తెలుగులో. ఇంగ్లీషులో రాస్తే షాపుకి అర్థమవుతుంది, ఇంట్లో కోడలికి అర్థం కాకపోవచ్చు. ఆ టెస్టుకి మనిషిని బయల్దేరదీసేది ఆవిడే. మందుల పేర్లు మాత్రం జనరిక్ పేర్లతో, వీలైతే పెద్ద అక్షరాల్లో. మెడికల్ కౌన్సిల్ 2016లోనే ఆ మాట చెప్పింది.

అందరికీ మూడు నెలలేనా అంటే, కాదు. చాలా ఏళ్లుగా ఒకే డోసు మీద నిలకడగా ఉన్న థైరాయిడ్ మనిషికి ఆరు నెలలు ఇచ్చినా ఇబ్బంది లేదు. ఏడాదికోసారి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ టెస్ట్ చూస్తే చాలు. అదే డోసు మార్చామనుకోండి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ చూడాలి. అలాంటప్పుడు రిపీట్ మాటే ఉండకూడదు. బీపీకి టెల్మిసార్టన్ కొత్తగా మొదలెట్టినా, డోసు పెంచినా ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడాలి. అవి చూశాకే రిపీట్. కిందటి నెల మొదలెట్టిన మందుకీ, పదేళ్లుగా నడుస్తున్న మందుకీ ఒకటే గడువు వేసేస్తే గడువు వేయడంలో అర్థం లేదు.

ఇంతకీ రిపీట్ రాసే ముందు ఏం చూడాలి? బీపీ చూస్తాం, వేలికి సూది గుచ్చి సుగర్ చూస్తాం. మంచిదే. నేను వాటికంటే ముందు "ఇవి కాక ఇంకేం వేసుకుంటున్నారు?" అని అడుగుతాను. ఏమీ లేదంటారు. అప్పుడు "మోకాళ్ల నొప్పులకి?" అని అడగాలి. "అప్పుడప్పుడూ ఒక బిళ్ల" అంటారు. ఆ అప్పుడప్పుడు అంటే రోజూ పడుకునే ముందని తేలడానికి ఇంకో రెండు ప్రశ్నలు పడతాయి. టెల్మిసార్టన్ ఉంది, దాంతో కలిపి ఒంట్లో నీళ్లు మూత్రంలో పోయించే మందు ఉంది, పైన రోజూ డైక్లోఫెనాకో ఎసిక్లోఫెనాకో ఒక నొప్పి బిళ్ల. ఈ మూడూ కలిస్తే కిడ్నీ మీద దెబ్బ పడుతుందని ఇక్కడ ఏ డాక్టరుకీ చెప్పక్కర్లేదు. మన దగ్గరికి వచ్చేవాళ్లలో శ్రీకాకుళం వైపు వాళ్లు ఎంతమందో మీకు తెలుసు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో ఇంకా తేల్చుతున్నారు. కారణం ఏదైనా, ఆ వైపు నుంచి వచ్చిన మనిషికి నొప్పి బిళ్ల రిపీట్ చేసే ముందు క్రియాటినిన్ చూడకపోవడం మాత్రం మన చేతులారా చేసే పనే.

తర్వాత తిండి సంగతి. గ్లిమెపిరైడ్ కలిసిన సుగర్ బిళ్ల రెండు పూటలా రాసి ఉంటాం. కార్తీక మాసం వస్తుంది, ఒంటిపూట భోజనం. మాల వేసుకుంటారు, మళ్లీ ఒంటిపూటే. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు నడక. పొద్దున్న బిళ్ల మాత్రం మానరు, డాక్టరు గారు చెప్పారు కదా! హనుమంతవాక దాటేసరికి సుగర్ పడిపోయి చెమటలు, వణుకు. దేవుడి మహిమనుకునే వాళ్లూ ఉన్నారు. కాబట్టి రిపీట్ గడువులో ఏ పండగ, ఏ దీక్ష పడుతుందో క్యాలెండర్ చూసి చీటీ మీద ఓ మాట రాయడం మంచిది. వయసు మళ్లి తిండి తగ్గిన వాళ్లకి, కిడ్నీ పని తగ్గిన వాళ్లకి అసలు ఆ మందే కొనసాగాలా అని ఆలోచించాల్సింది కూడా ఈ రిపీట్ రోజునే. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టన్, నీళ్ల మందు ఆపి మాకు ఫోన్ చేయమని కూడా ఆ చీటీ మీదే ఉంటే, సగం అడ్మిషన్లు తప్పుతాయని అనను గానీ కొన్నయినా తప్పుతాయి.

ఇంకోటుంది, దీన్ని కాస్త ఓపికగా వినండి. బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకునే ఒకావిడకి కాళ్లు వాస్తాయి. ఆ మందుతో అది మామూలే. ఆవిడ ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తుంది, ఆయన వాపుకి ఫ్యూరోసెమైడ్ అనే నీళ్ల మందు రాస్తాడు. ఆ మందుతో పొటాషియం తగ్గి కొన్నాళ్లకి కాళ్లు పీకుతున్నాయంటుంది, పొటాషియం సిరప్ వస్తుంది. సిరప్‌తో కడుపులో మంట, పాంటొప్రజోల్ వస్తుంది. ఇప్పుడు నాలుగు మందులున్న ఆ కాగితం మన టేబుల్ మీదికి వచ్చి "అవే రాసేయండి" అంటుంది. ఇందులో జబ్బుకి ఇచ్చిన మందు ఒక్కటే, మిగతా మూడూ మందుకి ఇచ్చిన మందులు. రిపీట్ రాసేటప్పుడు ప్రతి మందు పక్కనా అది దేనికో ఒక్క మాట రాయండి. బీపీకి, సుగర్‌కి, గుండెకి. ఏ మందు పక్కన రాయడానికి మాట దొరకదో, ఆ మందు గురించే మాట్లాడాలి. పాంటొప్రజోల్ దగ్గర చాలామందికి పెన్ను ఆగుతుంది. ఏళ్ల తరబడి వేసుకుంటే బీ12, మెగ్నీషియం తగ్గే వీలుంది. మెట్‌ఫార్మిన్ కూడా బీ12 తగ్గిస్తుంది. రెండూ కలిసిన చీటీలు మన ఊళ్లో ఎన్నో నేను చెప్పక్కర్లేదు.

అలాగని ఆపడమే గొప్ప అనుకోకండి. స్టెంటు వేయించుకున్న వాళ్లకి రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఉంటాయి. గుండెపోటు తర్వాతైతే మామూలుగా ఏడాది పాటు రెండూ, ఆ తర్వాత ఒకటి. ఎప్పుడు తగ్గించాలో కార్డియాలజిస్టు చెప్పాలి. ఆ తేదీ డిశ్చార్జ్ కాగితంలో ఉంటే మన చీటీ మీదకి ఎక్కించండి, లేకపోతే ఫోన్ చేసి అడిగి ఎక్కించండి. పన్ను పీకించుకోవడానికి వెళ్లి రెండూ మానేసి రావడం ఎంత ప్రమాదమో, మూడేళ్లయినా రెండూ వేసుకుంటూ లోపల రక్తం కారి మలం నల్లగా వెళ్లడమూ అంత ప్రమాదమే. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి వేసుకునే మందు. దానికి మాత్రం "సోమవారం మాత్రమే" అని వారం పేరు రాయకుండా చీటీ బయటికి పోనివ్వద్దు. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. స్టిరాయిడ్‌కి రిపీట్ అంకె సున్నా. అదీ రాయండి, సున్నా అని.

విశాఖకి ప్రత్యేకమైన తలనొప్పి ఇంకోటుంది. ఇక్కడ ఒకే ఇంట్లో రెండు మూడు చోట్ల నుంచి మందులొస్తాయి. స్టీల్ ప్లాంటులో రిటైరైన వాళ్లు, పోర్టు వాళ్లు, రైల్వే వాళ్లు, కేంద్ర ప్రభుత్వ సీజీహెచ్ఎస్ కార్డున్న వాళ్లు, నేవీలో చేసినవాళ్లు. అక్కడ ఇచ్చే మందు పేరు ఒకటి, మనం రాసిన దాని పేరు ఇంకొకటి, లోపల ఉన్నది అదే టెల్మిసార్టన్. పల్లెకి వెళ్తే 104 బండి దగ్గర ఇంకో బీపీ బిళ్ల. పారేయడం ఎందుకని అన్నీ వేసుకుంటారు, మనవాళ్లకి మందు వృథా చేయడమంటే ప్రాణం ఒప్పదు. అందుకే మా రిసెప్షన్ అమ్మాయికి ఒకటే చెప్పాను. "చీటీ తెచ్చారా" అని అడగొద్దు, "సంచి తెచ్చారా" అని అడుగు. ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని రావాలి. టేబుల్ మీద గుమ్మరిస్తే రెండు నిమిషాల్లో కథంతా తెలుస్తుంది. ఏ షీటు నిండుగా ఉందో, ఏది ఖాళీ అయిందో చూస్తే ఎవరు ఏ మందు వేసుకోవట్లేదో కూడా తెలుస్తుంది. నోటితో ఎవరూ చెప్పరు.

ఆ సంచిలో నాకు కనిపించేవాటిలో షాపుల వాళ్లకి విన్నవించుకునేది ఒకటుంది. షీటు కత్తిరించి ఇస్తారు కదా, ఐదో ఆరో మాత్రలు. మందు పేరున్న వైపు ఒకరికి పోతుంది, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న వైపు ఇంకొకరికి పోతుంది. నా చేతికి వచ్చేది మెరిసే రేకు ముక్క, లోపల తెల్లటి మాత్ర. అది ఏంటో దేవుడికెరుక. కత్తిరించక తప్పనప్పుడు చిన్న కవరులో వేసి దాని మీద పేరు, బలం, తేదీ రాయండి.

లెక్కల గొడవ ఇంకొంచెం ఉంది. బీపీ బిళ్ల షీటుకి పదిహేను, కొలెస్టరాల్‌ది పది, సుగర్‌ది ఇంకో లెక్క, థైరాయిడ్ సీసాలో వందో నూట ఇరవయ్యో. నెలకని రాసినా అన్నీ ఒకే రోజు అయిపోవు. ఇరవయ్యో తేదీన ఒకటి, ఇరవై ఏడున ఇంకొకటి అయిపోతుంటాయి. ప్రతిదానికీ షాపుకి తిరగలేక ఒకటి ఎగ్గొడతారు. ఎగ్గొట్టేది ఖరీదైనదే. సంచి చూసిన రోజున ఏ మందు ఎన్ని మిగిలాయో లెక్క కట్టి, మొదటిసారి మాత్రం కొన్ని తక్కువ, కొన్ని ఎక్కువ రాస్తే, తర్వాతి నెల నుంచి అన్నీ ఒకే తేదీకి వస్తాయి. పింఛను తేదీకి కలిపితే ఇంకా మంచిది. చిన్న కూడికలే, కాంపౌండర్ చేసేస్తాడు.

స్టాఫ్ మాట వచ్చింది కాబట్టి ఇంగ్లండు పద్ధతి గురించి కొంచెం చెబుతాను. మన ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి అక్కడ జీపీలు, అంటే జనరల్ ప్రాక్టీషనర్లు, అయిన వాళ్లు ఇక్కడ కొందరికి బ్యాచ్‌మేట్లే. అక్కడ నిలకడగా ఉన్న మనిషి నెలనెలా డాక్టరు ముందు కూర్చోడు. మందులు కావాలని క్లినిక్‌కి కబురు పంపిస్తాడు, సిబ్బంది ఆ మందు రిపీట్ జాబితాలో ఉందా, రివ్యూ తేదీ దాటిందా చూసి డాక్టరు సంతకానికి పెడతారు. ఏడాది వరకూ సరిపడే రిపీట్లు ఒక్కసారే కంప్యూటర్‌లో ఇచ్చేసే ఏర్పాటూ ఉంది, ఫార్మసిస్టు ప్రతిసారీ ఏమైనా మార్పుందా అని అడిగి ఇస్తాడు. ఇంత కట్టుదిట్టం ఉన్నా, 2021లో అక్కడి ప్రభుత్వం చేయించిన సమీక్షలో ప్రాథమిక వైద్యంలో ఇచ్చే మందుల్లో కనీసం 10 శాతం అక్కర్లేనివై ఉండొచ్చని తేలింది. ఏర్పాటుంటే చాలదు, రివ్యూ తేదీ నాడు నిజంగా రివ్యూ జరగాలి. మనకి ఆ కంప్యూటర్ లేకపోయినా నోటు పుస్తకం ఉంది. పేరు, గడువు తేదీ, చేయించాల్సిన టెస్ట్, ఈ మూడు గళ్లు చాలు. గడువు దాటిన పేర్లకి వారానికోసారి ఫోన్ చేయడం మా అమ్మాయి పని. మందు మార్చడం, పెంచడం, "ఇంకో నెల వాడేయండి" అనడం తన పని కాదు, ఎంత తెలిసినా సరే.

ఇక వాట్సాప్. అమెరికా నుంచి కొడుకు రాత్రి పదకొండుకి అమ్మ చీటీ ఫొటో పెడతాడు, "అంకుల్, సేమ్ పంపించండి." 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దీనికి దారి చూపించాయి. అదే జబ్బుకి ఆరు నెలల్లోపు మనిషిని స్వయంగా చూసి ఉంటే ఫాలోఅప్ కింద మందు మళ్లీ రాయొచ్చు. సంతకం చేసిన చీటీ ఫొటో పంపొచ్చు. షెడ్యూల్ ఎక్స్ మందులు, మత్తుమందుల చట్టం కిందికి వచ్చేవి మాత్రం కుదరవు. నేను కొడుకుతో మాట్లాడను, అమ్మగారికి ఫోన్ ఇప్పించమంటాను. ఆవిడ గొంతులో ఆయాసం వినపడితే ఫొటో పంపడమెందుకు, మర్నాడు పొద్దున్నే రమ్మంటాను.

నిద్ర బిళ్లల గురించి రెండు ముక్కలు. ఆల్ప్రజోలాం హెచ్1లో ఉంది. 2014 మార్చి నుంచి ఆ జాబితాలో ఉన్న మందు అమ్మితే షాపు వాళ్లు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. మనం ఎడాపెడా రిపీట్ రాస్తే ఆ భారం వాళ్ల మీద పడుతుంది. ఏళ్లుగా అలవాటైన వాళ్లకి ఒక్కసారిగా ఆపకూడదు, నెమ్మదిగా దింపాలి. అదో పెద్ద సబ్జెక్టు, ఇంకోరోజు.

నేను ఆపేస్తాను. అడగండి.

(ఒక మెడికల్ షాపు యజమాని: "సార్, మీరు రెండుసార్లే అని రాశారు. మూడోసారి ఆదివారం వస్తాడు. మీ క్లినిక్ మూసుంటుంది. నేనేం చేయాలి?")

మంచి ప్రశ్న. బీపీ, సుగర్, థైరాయిడ్, మూర్ఛ, స్టెంటు మందులైతే ఆ మనిషి ఖాళీ చేతులతో వెళ్లకూడదు. చీటీ మీద నా నంబరుంటుంది, అతని చేతే ఫోన్ చేయించండి. అతనితో మాట్లాడి, వారం రోజులకి సరిపడా కొత్త చీటీ సంతకం చేసి అతని ఫోనుకే పంపిస్తాను. నేరుగా మీకు పంపాలంటే అతను ఒప్పుకోవాలి, అది కూడా ఆ మార్గదర్శకాల్లో ఉంది. నేను ఫోన్ ఎత్తకపోతే మన పెద్దాసుపత్రి కేజీహెచ్ క్యాజువాలిటీ ఆదివారం కూడా ఉంటుంది. మూర్ఛ మందు ఒక్క రోజు కూడా తప్పకూడదని అతనికి గట్టిగా చెప్పండి.

(ఒక యువ డాక్టరు: "రిపీట్‌కి ఫీజు తీసుకోవాలా సార్? ఫీజు అంటే రావడం మానేస్తున్నారు.")

మానేస్తారమ్మా, నిజమే. లామినేషన్ చీటీలు పుట్టేది అక్కడే, ఫీజు మూడు వందలు మిగులుతాయని. నా పద్ధతి ఇది. రివ్యూ రోజున సంచి గుమ్మరించి, టెస్టులు చూసి, తీరుబడిగా మాట్లాడతాను, దానికి పూర్తి ఫీజు తీసుకుంటాను. గడువు లోపల చీటీ పోగొట్టుకుని వస్తే, ఓ మందు దొరక్క ఫోన్ చేస్తే, తీసుకోను. ఈ మాట రిసెప్షన్ దగ్గర గోడ మీద రాయించి పెట్టాను. మొదట్లో మా కాంపౌండర్ ఇలాగైతే అద్దె ఎక్కడి నుంచి వస్తుందని బెంగపడ్డాడు. గడువు తేదీకి చెప్పకుండానే వచ్చేవాళ్లు పెరిగారు కాబట్టి అద్దెకి లోటు రాలేదు. మీ ఏరియాలో మూడు వందలు ఎక్కువ అనిపిస్తే తగ్గించుకోండి, కానీ రివ్యూ మాత్రం ఉచితంగా చేయకండి. ఉచితమైతే ఐదు నిమిషాల్లో ముగించేయాలని మనకే అనిపిస్తుంది.